విచారణ కిటికీలో సహదేవుడు

జ్ఞానానికి ఈ లోకంలో ఎన్నడూ కొరత లేదు. కొరతల్లా దాన్ని సరిగ్గా అడిగేవాళ్లకే. ఈ మహాసత్యం మీదనే మన కార్యాలయాలన్నీ నిలబడి ఉన్నాయి.

పాండవుల్లో చిన్నవాడైన సహదేవుడికి జరగబోయేదంతా ముందే తెలుసట. అడిగితే తప్ప చెప్పకూడదని కృష్ణుడు కట్టడి చేశాడట. ఎవరూ అడగలేదు. యుద్ధం జరిగిపోయింది. (ఎందుకు అడగలేదా అని చిన్నప్పటినుంచీ నాకు సందేహమే. వరుస పొడుగ్గా ఉండి ఉంటుంది.) ఆ మహానుభావుణ్ణి మరిచిపోకూడదనే కాబోలు, ప్రతి కార్యాలయంలోనూ 'విచారణ' అనే బోర్డు కింద ఒకరిని కూర్చోబెట్టారు. ఆయనకి అన్నీ తెలిసి ఉండాలి. అడగనిది చెప్పకూడదు. నోరు జారితే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి బదిలీ.

మా ఆవిడ ఎడమ కంటి లోపలి పొర ఊడింది. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేయకపోతే ఆ కన్ను దక్కదన్నారు డాక్టరు. సొంతంగా కట్టుకునే తాహతు లేదు కనుక బీమా కార్యాలయం అనుమతి కాగితం కోసం ఇద్దరం వెళ్లాం.

"అనుమతి కాగితం ఎక్కడ ఇస్తారండీ?" అని కిటికీలో ఉన్నాయన్ని అడిగాను.

"మూడో గది."

మూడో గదికి తాళం. తిరిగొచ్చాం.

"తాళం వేసుందండీ!"

"అవును."

"ఆఫీసరుగారు ఎప్పుడొస్తారు?"

"సోమవారం."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ!"

"ఎక్కడ ఇస్తారని అడిగారు. ఇస్తున్నారా అని అడగలేదు." ఆయన గొంతులో కోపం లేదు. ధర్మం ఉంది.

మా ఆవిడ నన్ను పక్కకి నెట్టింది. "పూజగదిలో గంటసేపు అన్నీ అడుగుతారు, ఇక్కడ నోరు పెగలదేం? తప్పుకోండి. బాబూ, ఆయన లేనప్పుడు ఇంకెవరైనా సంతకం పెట్టొచ్చా?"

"పెట్టొచ్చమ్మా."

"ఎవరు?"

"నేనే."

నేను గోడ పట్టుకున్నాను.

"అయితే పెట్టు నాయనా!"

"నా అధికారం ఐదింటిదాకానేనమ్మా. అదిగో చూడండి." గోడ గడియారంలో ఐదు దాటింది.

మా ఆవిడ కళ్లు చికిలించి చూసింది. "అది సరిగ్గా నడుస్తోందా?"

"లేదమ్మా. పావుగంట ముందుంది."

సంతకం పడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. సరైన ప్రశ్న కోసం ఎన్నేళ్లుగా మొహం వాచి ఉన్నాడో. మేం వెనుదిరుగుతుంటే నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆవులింత అనుకున్నాను.

పొద్దున ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పి, "సంతకం సరే, ముద్ర ఏదండీ?" అంది. ముద్ర లేని సంతకం చెల్లదట. బీమా కార్యాలయానికి పరుగెత్తాను. శనివారం, సెలవు.

సోమవారం వెళ్లి ముద్ర ఎక్కడుంటుందని కిటికీలో ఆయన్నే అడిగాను. ఆయన సొరుగులోనే ఉందట. అడగ్గానే తీసి, అక్షరం చెదరకుండా వేసిచ్చాడు.

సహదేవుడి తప్పేమీ లేదని పెద్దలంటారు. ఇచ్చిన మాటకి కట్టుబడ్డాడంతే. నేనూ అదే నమ్ముతాను. ఆ సంగతి ఎత్తినప్పుడల్లా మా ఆవిడ మాత్రం నన్ను అదోలా చూస్తుంది, కుడి కంటితో.