గంగయ్య కొట్టులో ఐదు బస్తాలు

పది గంటలలోపు లెక్క కాగితం పెద్ద గుమాస్తా తాతబాబు బల్ల మీద పెట్టాలి, పదకొండింటికల్లా చిన్న గుమాస్తా కుర్చీలో కూర్చోవాలి. మలయాలో సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు ఎస్టేట్‌లో ఆ ఉదయం జయమణి వేసుకున్న పథకం అంతే. మెర్డెకాకు, అంటే దేశ స్వాతంత్ర్యానికి, ఇంకా ఏడాది ఉన్నా, దొరలు సర్దుకుపోతుంటే ఆఫీసులో కుర్చీలు అప్పుడే ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్నాయి. ఆరేళ్లుగా పాలు గీసిన కత్తి మీద ఆమెకు విసుగెంతో, తన లెక్కల మీద ధీమా అంత.

ఆ ఉద్యోగానికి పరీక్షగా తాతబాబు ఇంటి దగ్గర చేసుకురమ్మని ఇచ్చిన ప్రశ్న తేలికైనదే. ఒక వర్తకుడి దగ్గర నలభై బస్తాల బియ్యం ఉంది. ఇంకో అరవై కొన్నాడు. డెబ్బై ఐదు అమ్మాడు. మిగిలినవెన్ని? పేరు లేని పద్దు పద్దే కాదని వాళ్ల నాన్న అనేవాడు. అందుకని జయమణి పైన ఎస్టేట్ కొట్టు గంగయ్య పేరు రాసి, కింద ఇరవై అని వేసి చుట్టూ సున్నా చుట్టింది.

అవి ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టు తిరుగుబాటుదార్లకు గుప్పెడు బియ్యం అందినా సర్కారు ఊరుకునేది కాదు. కూలీల ఇళ్ల లైన్ల గేటు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ పోలయ్య, వరసకు ఆమెకు మేనమామ, జయమణి సంచి సోదా చేసి కాగితం తీసి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"ఇరవై ఐదుండాల కదే. ఐదు బస్తాలు ఏటయినాయి?"

"అది ఉత్తి లెక్క మావయ్యా. నిజం బియ్యం కాదులే."

"గంగయ్య నిజం మనిసే కదా! పోనీ, లెక్క తప్పు సేసినావా?"

"నేనా? మూడుసార్లు సరిసూసినాను!"

"అయితే బియ్యమే పోయింది!"

ఇంకేముంది! ఫోను మోగింది, ఇనస్పెక్టరు గోవిందసామి జీపు దిగాడు, లారీలో గంగయ్యను తెచ్చారు. అతని బనీను చెమటకు తడిసి ముద్దయింది. తాతబాబును కూడా పిలిపించారు.

"లెక్క నేనిచ్చిందే సార్," అన్నాడాయన. "గంగయ్య పేరు మాత్రం నేనివ్వలేదు."

ఇనస్పెక్టరు జయమణి వైపు తిరిగాడు. "లెక్క తప్పా, గంగయ్య తప్పా? ఏదో ఒకటి చెప్పమ్మా."

జయమణి గేటు గోడ మీద బొగ్గుముక్కతో మళ్లీ తీసివేసింది. ఇరవై ఐదే! తప్పని ఒప్పుకుంటే కుర్చీ పోతుంది, ఒప్పుకోకపోతే గంగయ్య జైలుకు పోతాడు. గంగయ్య తూకంలో చేతివాటం చూపించే మనిషే, అయినా జైలంటే జైలే. ఆమె కుర్చీకి మనసులోనే ఓ దండం పెట్టి నోరు తెరిచింది.

"సార్, ఆ లెక్కలో..."

"నువ్వు సెప్పకు తల్లీ, నేనే సెప్తాను!" గంగయ్య ఇనస్పెక్టరు బూట్ల మీద పడ్డాడు. "మంచం కింద దాసినాను. ధర పెరిగినాక అమ్ముదామని. ఐదే బస్తాలు! ఈ పిల్లకెలాగ తెలిసిందో!"

వెళ్లి చూస్తే సరిగ్గా ఐదు. బస్తాలు లారీ ఎక్కాయి, గంగయ్యకు జరిమానా పడింది. తాతబాబు ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నంత పనిచేసి, జయమణిని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు. లెక్క తప్పని ఆమె రెండుసార్లు చెప్పింది. పిల్లకు వినయం కూడా ఉందని ఆయన మురిసిపోయాడు.

ఆ తర్వాత ఎస్టేట్‌లో కొట్లవాళ్లూ, కూలీల మీది మేస్త్రీలైన కంగాణీలూ ఆమె కలం తీయకముందే ఉన్నదున్నట్టు చెప్పేయసాగారు కనుక, జయమణికి తీసివేతలతో మళ్లీ పని పడలేదు.