చంద్రుడి డ్రిల్లు

యాభై ఏళ్లలో మనుషుల్నీ రోబోల్నీ చంద్రుడి మీదికి పంపడానికి దీర్ఘకాలిక ప్రణాళికా బృందాన్ని వేస్తున్నట్టు మంత్రిగారు ప్రకటించారు. మొదటి మనిషిగా తామే వెళ్తామని కూడా సెలవిచ్చారు. అప్పటికి ఆయనకి నూట పదహారేళ్లు నిండుతాయి. అయినా దేశం కోసం వెనుకాడలేదు.

ఆ మాటకి అందరికంటే సంబరపడింది డ్రిల్లమ్మ. ఆఫీసులో ఆ ఇంజనీరుని అందరూ అలాగే పిలుస్తారు. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి, చంద్రుడి నేల తవ్వి నీళ్లు వెతికే రోబోకి డ్రిల్లు తయారుచేసింది. కూతురికి పెళ్లయిపోయింది గానీ డ్రిల్లు మాత్రం గడప దాటలేదు. ఈ ఏడాదే రిటైర్మెంటు. ఈలోగా అది ఎగిరితే చాలు, కళ్లారా చూసి ఇంటికెళ్లిపోదామని ఆవిడ ఆశ.

మొదటి మీటింగులో ముందెవరు వెళ్లాలన్న ప్రశ్న వచ్చింది. సెక్రటరీగారు చిటికెలో తేల్చేశారు.

“రోబోయే ముందు. మంత్రిగారు దిగేసరికి రిసీవ్ చేసుకోవడానికి అక్కడ ఎవరో ఒకరు ఉండొద్దూ?”

రెండో మీటింగులో రోబోకి డ్రిల్లు పీకేసి, ఆ చోట కరచాలనం చేసే చెయ్యి పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. డ్రిల్లమ్మ గబుక్కున లేచి నిలబడింది.

“డ్రిల్లు లేకపోతే నీళ్లెలా వెతుకుతామండీ?”

“మంత్రిగారు వెళ్లిన చోట నీళ్లు లేవని ఎవడైనా రిపోర్టు రాస్తాడా అమ్మా?” అన్నారు సెక్రటరీగారు.

అంతటి దూరదృష్టి! ఆవిడ డ్రిల్లుని పసిబిడ్డలా తువ్వాల్లో చుట్టి, బీరువాలో పెట్టి, బాత్రూములోకెళ్లి ఏడ్చింది.

బృందం ఆఫీసు ప్రారంభోత్సవం నాడు మరో చిక్కు వచ్చిపడింది. మంత్రిగారి పేరున్న ఇత్తడి బోర్డు గోడకెక్కడం లేదు. కొట్టిన మేకు కొట్టినట్టే వంగిపోతోంది. అవతల కార్లు వచ్చేశాయి.

“అమ్మా, మీ డ్రిల్లు!” అన్నారు సెక్రటరీగారు.

“అది చంద్రుడి కోసం చేసిందండీ!”

“గోడకే కన్నం పెట్టలేనిది చంద్రుణ్ణేం తవ్వుతుంది లెండి.”

ఇన్నేళ్ల కష్టాన్ని పట్టుకుని అంతమాటంటారా! డ్రిల్లమ్మకి ఒళ్లు మండింది. బీరువా తీసి, డ్రిల్లు తెచ్చి, మంత్రిగారు లోపలికి అడుగుపెడుతుండగానే గోడలోకి దింపింది. వెన్నలోకి దిగినట్టు దిగింది. గోడలో ఉన్న నీళ్ల పైపులోకీ దిగింది.

మంత్రిగారు తలనుంచి బూట్ల దాకా తడిసి ముద్దయ్యారు. డ్రిల్లమ్మ పైప్రాణాలు పైనే పోయాయి.

మంత్రిగారు మొహం తుడుచుకుని విలేకరుల కెమెరాల వైపు తిరిగారు.

“చూశారా? యాభై ఏళ్ల ప్రణాళిక. మొదటిరోజే నీళ్లు పడ్డాయి!”

చప్పట్లు మోగాయి. లక్ష్యం నెరవేరింది గనక బృందాన్ని రద్దు చేస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించి, డ్రిల్లమ్మ భుజం తట్టి, గుమ్మంలో నిలబెట్టిన రోబోతో కరచాలనం చేసి ఆయన వెళ్లిపోయారు.

“మరి చంద్రుడి సంగతేంటండీ?” అంది డ్రిల్లమ్మ, పాదాలు మునిగే నీళ్లలో నిలబడి.

సెక్రటరీగారు ప్యాంటు పైకి మడుచుకుంటున్నారు.

“చంద్రుడెక్కడికి పోతాడమ్మా! ముందు ప్లంబర్ని పిలవండి.”