బాలమణి చేతులు, ముందు అద్దం

మేడ్చల్‌లో ఉండే బాలమణి కొడుకు పరమేష్‌కు కార్ల కంపెనీ నుంచి ఎంతో మర్యాదైన ఉత్తరం వచ్చింది. తమరి కారు ముందు అద్దాన్ని పట్టి ఉంచే జిగురు కొన్ని సందర్భాల్లో పట్టి ఉంచకపోవచ్చనీ, కంగారు పడాల్సిన పని లేదనీ, నలభై ఏడో రోజున వస్తే ఉచితంగా మళ్లీ అతికిస్తామనీ, అంతవరకు ఎదురుగాలి లేని దారుల్లో ప్రయాణించడం శ్రేయస్కరమనీ అందులో రాశారు.

బాలమణి ఏడో తరగతి దాకా చదివింది. ఉత్తరం మూడుసార్లు చదివితే ఆమెకు "ఊడుతుంది" అన్న ఒక్క మాటే అర్థమైంది. ఆ మాట అందులో ఎక్కడా లేదు.

పరమేష్ పనిచేసే మందుల ఫ్యాక్టరీ శామీర్‌పేటలో ఉంది. రోజూ పోక తప్పదు. ఎదురుగాలి లేని దారి ఆ చుట్టుపక్కల ఇంకా వేయలేదు. అందుకని మర్నాడు పొద్దున బాలమణి సద్ది కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి, ఇగ పోనియ్యమంది.

"లోపలికి పడకుంట పట్టుకున్నవ్ సరే, బయటికి పడితే?" అన్నాడు పరమేష్.

"పడితే పడనియ్. అవుతల నువ్వు లేవు గద బిడ్డా."

పక్కింటి సుక్కమ్మ గేటు దగ్గర నిలబడి చూసింది. "ఏందక్కా, లోపల కూసొనే బండి నూకుతున్నవా?" అంది. బాలమణి మోచేతులు బిగించింది. అప్పటికి స్పీడ్ బ్రేకర్ వచ్చింది.

కొడుకు డ్యూటీలో ఉన్నంతసేపూ ఆమె ఫ్యాక్టరీ గేటు బయట కూర్చునేది. ఆగి ఉన్న కారు అద్దం ఊడదని వాచ్‌మన్ చెప్పినా, గంటకోసారి వెళ్లి ముట్టుకుని వచ్చేది.

తేదీ ముందుకు జరపమని అడగడానికి తల్లీకొడుకులు సర్వీస్ సెంటర్‌కు వెళ్లారు. మేనేజర్ శ్రీకాంత్ తేదీ జరపలేదు గానీ, ఆమెను చూసి చలించిపోయాడు. ఫొటో తీసి హెడ్డాఫీసుకు పంపాడు. వారం తిరక్కుండా "తాత్కాలిక మాతృహస్త ఆధార పథకం" ఉత్తర్వులు వచ్చాయి. తల్లి వయసు నలభై అయిదుకూ డెబ్బైకీ మధ్య ఉండాలి. చేతులకు నూనె ఉండరాదు. గాజుల వల్ల గీతలు పడితే వారంటీ వర్తించదు. తల్లి లేనివారు అత్తగారిని సొంత పూచీ మీద వాడుకోవచ్చు.

పథకం ప్రారంభోత్సవం శామీర్‌పేటలోనే జరిగింది. "జిగురు విదేశాల నుంచి తెచ్చుకోవాలి. తల్లులు స్థానికంగానే లభిస్తారు" అని కంపెనీ పెద్దాయన గద్గద స్వరంతో సెలవిచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. బాలమణి కారు దిగలేదు. శాలువా కిటికీలోంచి కప్పారు.

నలభై ఏడో రోజు వచ్చింది. శ్రీకాంత్ సంతోషంగా ఎదురొచ్చాడు. ఇంతవరకు ఒక్క అద్దమూ ఊడలేదు కాబట్టి లోపమే లేదని తేలిందనీ, అద్దాలు మళ్లీ అతికించే రీకాల్ రద్దయిందనీ, జిగురు డబ్బాలు వాపసు పోయాయనీ చెప్పాడు.

"నేను పట్టుకుంటెనే గద సార్, ఊడలే."

"అట్లంటరా? అయితే చేతులు తీసి పదిహేను రోజులు నడిపియ్యుండ్రమ్మా. ఊడితే జల్దీ అతికిస్తం."

బాలమణి స్టీరింగ్ వెనక ఉన్న కొడుకును చూసింది. గడ్డం కింద పొద్దున గీసుకున్నప్పుడు తెగిన చిన్న గాటు. చేతులు ఇంకొంచెం గట్టిగా అదిమింది.

"కస్టమర్ ఏర్పాటుతో సంతృప్తిగా ఉన్నారు" అని శ్రీకాంత్ కాగితం మీద రాసుకున్నాడు. ఆమె చేతులు ఖాళీ లేవు కనుక పరమేష్ సంతకం పెట్టాడు.

తిరుగుదారిలో సిగ్నల్ దగ్గర పక్కన మరో కారు ఆగింది. ముందు సీట్లో ఒకామె, రెండు చేతులూ ఎత్తి, అద్దానికి ఆనించి కూర్చుంది. నమస్కారం పెట్టుకునే వీలు లేక ఇద్దరూ తలలూపుకున్నారు.

మీరూ ఆ రోడ్డు మీద అలాంటివాళ్లను చూసే ఉంటారు. దేవుడికి మొక్కుతున్నారనుకుని, హారన్ కొట్టి ముందుకెళ్లిపోయి ఉంటారు.