కళ్లంలో దొరికిన స్టెప్నీ

శుక్రవారం పొద్దున్న ఇడ్లీ తింటున్న వేళకి నతానియేలు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం కారు కడగాలి. శనివారం ఏడింటికల్లా భార్య లిడియానీ, మామగారినీ, బావమరిదినీ ఎక్కించుకుని పొన్నూరు నుంచి పొదిలి బయల్దేరాలి. అక్కడ బావమరిది బాలుకి పెళ్లిచూపులు. భోంచేసి, మంచి కబురుతో తిరిగి రావాలి. ఇందులో టైరు ప్రసక్తి ఎక్కడా లేదు.

కారు కొని పదిరోజులైంది. బ్యాంకులో రిటైరైన ఒక పెద్దమనిషి దగ్గర సెకండ్ హ్యాండులో తీసుకున్నాడు. దాన్ని చూసి నాలుగు మాటలు చెప్పడానికి ఆ పొద్దున్నే మామగారు దానయ్య వచ్చాడు. దానయ్య ముప్పయ్యారేళ్లు ఆర్టీసీ బస్సు నడిపి, ఒక్క కోడిని కూడా గుద్దకుండా రిటైరైన మనిషి. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నాలుగు టైర్లనూ కాలితో తన్నాడు. డిక్కీ తెరిచి, అడుగున ఉన్న చాపలాంటిదాన్ని ఎత్తి చూశాడు. అదనపు టైరు ఉండాల్సిన గుంటలో జాకీ, స్పానరు కట్టిన గోనెసంచి మూట, ఒక విరిగిన గొడుగు ఉన్నాయి.

"స్టెప్నీ ఏదయ్యా?"

"లేదండి మావయ్యగారూ. నాలుగు టైర్లూ బాగానే ఉన్నాయి కదా అని..."

"బాగున్న టైర్లే పంక్చరయ్యేది. బాగోనివి రోడ్డెక్కవుగా," అన్నాడు దానయ్య డిక్కీ మూసేస్తూ. "స్టెప్నీ లేని బండి డిపో దాటదు. మేం ముగ్గురం బస్సులో పోతాం. నువ్వు నీ కారేసుకుని వెనకాల రా."

లిడియా వంటింట్లోంచే, "నాన్న మాటే నాదీనండీ," అంది.

ఇక్కడ బాలు సంగతి కాస్త చెప్పుకోవాలి. ముప్పై నాలుగేళ్లవాడు, సొసైటీలో గుమాస్తా, చెడు అలవాటు ఒక్కటి లేదు. అయినా పదకొండు సంబంధాలు తప్పిపోయాయి. పదకొండు చోట్లా ఒకటే మాట: పిల్లాడు మంచివాడేనండి, కానీ మొహంలో ఏమీ కనపడదు. తెనాలి అమ్మాయి "నేను మీకు నచ్చానా?" అని అడిగితే గోడ గడియారం వంక చూసి, బాగా ఆలోచించి, "ఊఁ" అన్నాడట. ఆ ఊఁ వినడానికి అప్పటికి ఆ పిల్ల గదిలో లేదు. పొదిలి సంబంధం పన్నెండోది. వాళ్లు పదకొండింటికి రమ్మన్నారు. బస్సులైతే మూడు మారాలి. ఆలస్యమైతే అదొక వంక.

నతానియేలుకి మాత్రం ఇంకో బాధ కూడా ఉంది. పెళ్లై తొమ్మిదేళ్లైనా దానయ్య నలుగురిలో అతన్ని "మా అల్లుడు" అని ఒక్కసారీ అనలేదు. "మా లిడియా మొగుడు" అనేవాడు. కారు కొన్నదే ఆ మాట కోసం. ఇప్పుడు ఆ కారు ఖాళీగా బస్సు వెనక పొదిలి దాకా పోవడమంటే ప్రాణం చచ్చిపోయినట్టయింది.

బడి వదలగానే టైర్ల కొట్టు షానవాజ్ దగ్గరికి పరిగెత్తాడు. కొత్త టైరు, దానికి రిమ్ము కలిపి ఎంతవుతుందో షానవాజ్ చెప్పాడు. చెప్పి, మాస్టారి మొహం చూసి, మంచినీళ్లు తెప్పించాడు.

"సెకండ్ హ్యాండు లేదా షానవాజ్?"

"ఈ సైజుది లేదు మాస్టారూ. ఆగండాగండి. మా బావ మాలిక్ ఉన్నాడు, ప్రత్తిపాడు అవతల. పాత కారు అమ్మేసినప్పుడు స్టెప్నీ ఒకటి ఉంచేసుకున్నాడు. మీ కారు సైజే, రిమ్ముతో సహా. మిర్చి కళ్లంలో పట్టా ఎగిరిపోకుండా బరువుకి పెట్టుకున్నాడు. పోయి అడగండి, కాదనడు."

అలా నతానియేలు స్టెప్నీ కోసం, స్టెప్నీ లేని కారులో, ముప్పై కిలోమీటర్లు వెళ్లాడు. ఈ సంగతి దానయ్యకి చెప్పలేదు.

కళ్లంలో ఎకరం మేర నేల ఎర్రగా ఉంది. ఎండిన కాయలు కొండలా పోసి, నీలం పట్టా కప్పి, చుట్టూ చేతికందిన బరువులన్నీ పెట్టారు. తూర్పు మూల ఉంది టైరు. మూడు పంటకాలాలుగా అక్కడే ఉండి నల్లరంగు మరిచిపోయింది. నతానియేలు ఆప్యాయంగా రుమాలుతో దాన్ని తుడిచాడు. అదే రుమాలుతో చెమట పట్టిన మొహం తుడుచుకున్నాడు. తర్వాత పావుగంట సేపు మాలిక్ బిందెలతో నీళ్లు పోస్తూనే ఉన్నాడు.

"ఏడొందలివ్వండి, తీసకపోండి మాస్టారూ," అన్నాడు మాలిక్. "కాకపోతే ఆ మూల బరువేదన్నా పెట్టి మరీ తియ్యాలి. గాలొచ్చిందంటే పట్టా లేచి పక్కోడి చేలో పడుద్ది. రాత్రి మంచుకి కాయంతా రంగు మారిపోద్ది."

"రాయేదన్నా పెడదాం."

"ఇది నల్లరేగడండీ. ఈ చుట్టుపక్కల రాయి కనపడితే నన్నూ పిలవండి, నేనూ చూస్తా."

నతానియేలు నాలుగు దిక్కులా చూశాడు. నిజమే, పిడికెడు రాయి లేదు. కారు డిక్కీ తెరిచాడు. అందులో బరువున్నది గోనెసంచి మూట ఒక్కటే. తెచ్చి పట్టా మూల మీద పెట్టాడు. మళ్లీ వారం ఒక ఇసక బస్తా తెచ్చిచ్చి మూట తీసుకెళ్తానన్నాడు. బుర్రున్న మనిషికి అక్కడ ఒక అనుమానం రావాలి. కానీ పొద్దుటి నుంచీ టైరు, టైరు అని తిరుగుతున్న బుర్రలో ఇంకోదానికి చోటు లేదు. దారిలో గాలి కొట్టించుకుని, పైపైన ఎరుపు దులిపించుకుని, పాట పాడుకుంటూ ఇల్లు చేరాడు.

శనివారం పొద్దున్న దానయ్య డిక్కీ తెరిపించాడు. గుంటలో టైరు ఉంది. బొటనవేలితో నొక్కాడు, గట్టిగా ఉంది.

"ఎక్కడ కొన్నావ్?"

"గుంటూరులోనండి. షాపులో," అన్నాడు నతానియేలు. కళ్లంలో బరువుకి పెట్టింది అంటే బాగుండదనిపించింది.

"మంచి పని చేశావ్ అల్లుడూ," అన్నాడు దానయ్య.

తొమ్మిదేళ్లకి వచ్చిన మాట. ఇక నిజం చెప్పే దారి కూడా అక్కడితో మూసుకుపోయింది.

దానయ్య ముందు కూర్చున్నాడు. లిడియా, బాలు వెనక కూర్చున్నారు. చిన్న కారు, వెనక సీటుకీ డిక్కీకీ మధ్య ఒక అట్ట తప్ప అడ్డేమీ లేదు. చిలకలూరిపేట దాటాక ఎండెక్కింది. దానయ్య తుమ్మాడు. లిడియా రెండు తుమ్మింది. బాలు తుమ్మలేదు గానీ కళ్లు ఎర్రబడ్డాయి.

"రోడ్డు పక్కన కళ్లాలండీ. ఘాటంతా లోపలికొస్తోంది, అద్దాలు ఎత్తండి," అంది లిడియా.

మార్చి నెలలో ఆ దారిన ఘాటు వస్తే ఎవరూ వింతపడరు. అద్దాలు ఎత్తారు. ఏసీ వేశారు. ఘాటు ఇంకా పెరిగింది.

"ఎత్తినా ఆగట్లేదు చూడు, ఏం పండిందో ఈ ఏడు!" అన్నాడు దానయ్య తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ. నతానియేలుకి కారణం లీలగా తెలుస్తూనే ఉంది. తెలిసినా నోరు విప్పలేదు. కన్నీళ్ల మధ్యలోంచే రోడ్డు చూస్తూ నడిపాడు.

అద్దంకిలో టీకి ఆపేసరికి నలుగురి కళ్లూ చింతనిప్పుల్లా ఉన్నాయి. దానయ్య తువ్వాల్లో మొహం దాచుకుని బల్ల మీద కూలబడ్డాడు. లిడియా ఆయన వీపు రాస్తూ ముక్కు చీదింది. టైరుకి అందరికంటే దగ్గరగా కూర్చున్న బాలుకైతే కన్నీళ్లు ధారగా కారిపోతున్నాయి. ఆ టీకొట్టు పక్కనే పెళ్లికూతురి తండ్రి వెంకయ్య తోడల్లుడి ఎరువుల కొట్టు. ఆ తోడల్లుడు ముందే ఫోన్‌లో బాలు ఫొటో చూసి ఉన్నాడు. మర్యాదస్తుడు కాబట్టి దుఃఖంలో ఉన్నవాళ్లని పలకరించలేదు. పొదిలికి ఫోన్ చేశాడు.

"వెంకయ్యా, పిల్లాడివాళ్లింట్లో ఎవరో పోయారయ్యా. పాపం, అయినా మాట తప్పకుండా ఏడ్చుకుంటూ వస్తున్నారు."

ఈ సంగతి నతానియేలుకి భోజనాలవేళ గానీ తెలియలేదు. వెంకయ్య మాత్రం అప్పటికప్పుడే కదిలాడు. పలావు డేగిశా పక్కింటికి పంపించేశాడు. పూలదండలు తీయించాడు. పాస్టరుగారిని పిలిపించాడు. సంఘస్తులు ముప్పై మంది తెల్లబట్టల్లో వచ్చి, వాకిట్లో షామియానా కింద కూర్చుని, మెల్లగా పాట ఎత్తుకున్నారు.

కారు వెంకయ్య ఇంటి ముందు ఆగింది. దిగీదిగగానే నలుగురికీ కనపడింది షామియానా, తెల్లబట్టలు, పాట.

"అయ్యో, ముసలావిడ పోయినట్టుందే!" అని గుసగుసలాడింది లిడియా. పెళ్లికూతురి నాయనమ్మ కొండమ్మకి ఎనభై దాటాయని, వారం నుంచీ ఆయాసపడుతోందని అందరికీ తెలుసు.

వెంకయ్య ఎదురొచ్చి దానయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏం చేస్తాం బావగారూ. ప్రభువు చిత్తం. గుండె దిటవు చేసుకోవాలి."

తల్లి పోయిన కొడుకు ఎదురొచ్చి తననే ఓదారుస్తున్నాడే అనుకున్నాడు దానయ్య. "మీరు ధైర్యంగా ఉండండి బావగారూ. మమ్మల్ని చూసుకోకండి," అన్నాడు. వెంకయ్యకి కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత కష్టంలోనూ ఎదుటివాళ్ల గురించి ఆలోచించే మనుషులు! పాస్టరుగారు ఆదరణ కోసం ప్రార్థన చేశాడు. దుఃఖంలో ఉన్న ఈ కుటుంబాన్ని ఆదుకోమన్నాడు. రెండువైపులా "ఆమేన్" అన్నారు, రెండువైపులా ఏడ్చారు. పోయిందెవరని అడగడం మర్యాద కాదని ఎవరూ అడగలేదు.

పెళ్లికూతురు బిందుమాధవి నర్సు. బాలు కళ్లు చూడగానే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. బాలు చెంబు అందుకుని, ఏడుస్తూనే, "మీ నాయనమ్మగారు చాలా మంచావిడంటండీ. నేను చూడలేకపోయాను," అన్నాడు. పన్నెండు పెళ్లిచూపుల్లో అతను పూర్తిగా మాట్లాడింది అదే మొదలు.

"ఎవర్రా చూడలేకపోయింది?" అంటూ కొండమ్మ కర్ర పొడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "పలావు ఎందుకు పంపించేశార్రా? ఎవరు పోయారు?"

వెంకయ్య దానయ్య వంక చూశాడు. దానయ్య కొండమ్మ వంక చూశాడు. పాట ఆగిపోయింది.

కొండమ్మ నలభై ఏళ్లు మిరపకోతలకి పోయిన మనిషి. రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, తిన్నగా కారు దగ్గరికి నడిచి, కర్రతో డిక్కీ మీద కొట్టింది. నతానియేలు తెరిచాడు. ముందు వరసలో ఉన్న పదిమంది ఒకేసారి తుమ్మారు.

"కళ్లంలో పట్టా మీది టైరు ఇది. మూడేళ్లదన్నా ఉంటది," అంది కొండమ్మ.

దానయ్య నెమ్మదిగా తల తిప్పాడు. "గుంటూరు షాపా?"

నతానియేలు డిక్కీ మూసేశాడు. పన్నెండో సంబంధం కూడా పోయింది, అదీ తన టైరు వల్ల అనుకున్నాడు. భూమి చీలి తనని లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది.

దానయ్య అబద్ధం చెప్పలేని మనిషి. బిందుమాధవి ముందు నిలబడి, "అమ్మాయీ, మావాడివి మిరపకాయ కన్నీళ్లమ్మా. వేరే ఏం అనుకోమాక," అన్నాడు.

"కారులో నలుగురు వచ్చారు కదండీ," అంది ఆ పిల్ల. "నాయనమ్మ బతికే ఉందని తెలిశాక మీరు ముగ్గురూ ఆపేశారు. ఆయన ఇంకా ఏడుస్తూనే ఉన్నారు. నాకు నచ్చారు."

ఆయన సీటు టైరుని ఆనుకుని ఉందని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పక్కింటి నుంచి పలావు వెనక్కి వచ్చింది. కొండమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. తాంబూలాలకి తేదీ పెట్టుకున్నారు. బయల్దేరేటప్పుడు దానయ్య నతానియేలు భుజం మీద చెయ్యి వేసి, ముప్పైమంది సంఘస్తుల ముందు, "ఈ టైరు తెచ్చింది మా అల్లుడండీ," అన్నాడు.

నాలుగు గంటలకి, దర్శి ఇంకా రాకముందే, కారు ఎడమవైపుకి లాగింది. ముందు టైరు పంక్చరు. నతానియేలు కంగారుపడ్డాడు. దానయ్య మాత్రం పండగొచ్చినట్టు దిగాడు.

"చూశావా, ఇందుకే చెప్పేది! స్టెప్నీ ఉంది, మనకేం భయం? పది నిమిషాల పని." డిక్కీ తెరిచి, మొహానికి తువ్వాలు చుట్టుకుని, టైరుని తనే దింపాడు. చొక్కా చేతులు మడిచి, రోడ్డు మీద గొంతుక్కూర్చుని, వెనక్కి చెయ్యి చాపాడు.

"జాకీ అందుకో అల్లుడూ."

డిక్కీలో విరిగిన గొడుగు ఒక్కటే మిగిలింది. నతానియేలు జేబులోంచి ఫోన్ తీసి మాలిక్‌కి చేశాడు.

"మీ మూటేగా, ఉంది మాస్టారూ," అన్నాడు మాలిక్ సంతోషంగా. "రాత్రి గాలి ఇరగదీసింది. మీరు పెట్టిన మూల ఒక్కటే ఇంచీ కూడా కదల్లేదు."