హెలిపాడ్ కింద భరిణె

ఆ శనివారం పొద్దున్న మన్మథరావు మాస్టారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. నర్సీపట్నంలో ఒక హైస్కూల్లో ఆయన సైన్సు చెబుతారు. శనివారం పిల్లలు పుస్తకాల సంచీ తేనక్కర్లేదు కాబట్టి వాళ్లకో కొత్త హాబీ నేర్పుదామనుకున్నారు. మెటల్ డిటెక్టర్‌ను నేల మీద తిప్పుకుంటూ పోవడం, కుయ్యిమన్న చోట తవ్వడం, దొరికినదాన్ని చూసి మురిసిపోవడం. సెల్‌ఫోన్లలో తలలు దూర్చిన పిల్లల్ని కాస్త మట్టిలోకి దించాలని ఆయన తాపత్రయం.

అయితే స్కూలు గ్రౌండులో సోడామూతలు తప్ప ఏమీ దొరక్కపోతే ఆ మురిపెం ఎంతసేపుంటుంది? అందుకని పొద్దున్నే వాకింగ్ పేరుతో వెళ్లి నాలుగు మేకులు, తుప్పు పట్టిన తాళం, విరిగిన గరిటె అక్కడక్కడా పాతిపెట్టారు. చివర్లో పిల్లల కళ్లు జిగేల్‌మనాలని గ్రౌండు నట్టనడుమ భార్య పుష్పవతి వెండి కుంకుమ భరిణెను కూడా పాతారు. అది ఆవిడ అమ్మమ్మది. దాని మీద చెయ్యి వేసే హక్కు మాస్టారికి పెళ్లయిన నాటి నుంచీ లేదు. ఎస్. రాయవరంలో పుట్టింటికి వెళ్లిన పుష్పవతి సాయంత్రం నాలుగింటికి గాని తిరిగి రాదు. పదకొండింటికల్లా భరిణె మళ్లీ దేవుడి గూట్లో ఉంటుందని ఆయన ధీమా.

ఎనిమిదింటికి పిల్లల్ని రెండు వరసల్లో నిలబెట్టారు. ఎండకు టోపీ, నల్లకళ్లద్దాలు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పొడుగాటి కర్ర చివర పళ్లెం బిగించినట్టున్న ఆ యంత్రాన్ని అటూ ఇటూ ఊపి చూపించారు.

"రెండే రూల్సు. తవ్విన గొయ్యి పూడ్చాలి. దొరికింది ఎవరిదో తెలిస్తే వాళ్లకిచ్చెయ్యాలి."

"బంగారం దొరికితేనో మేస్టారూ?" అంది ఎనిమిదో తరగతి నూకరత్నం.

"అదీ అంతే."

నూకరత్నానికి సగం మోజు అక్కడే తీరిపోయింది.

సరిగ్గా అప్పుడే వార్డు నాయకుడు అప్పలరాజు స్కూటరు మీద ప్రహరీ పక్కనుంచి పోతూ ఈ దృశ్యం చూశాడు. ఆ యంత్రాన్ని ఆయన జీవితంలో రెండేసార్లు చూశాడు. రెండుసార్లూ ఆ సాయంత్రానికే ఊళ్లో హెలికాప్టర్ దిగింది. బండి ఆపి గబగబా లోపలికొచ్చాడు.

"మేస్టారూ, ఎవరొస్తన్నారేటి?"

"ఎవరూ రావడం లేదండీ. పిల్లలకి హాబీ నేర్పుతున్నా."

అప్పలరాజు కన్ను గీటాడు. "అర్థమైపోనాదండీ. మీరు సెప్పకూడదు, నాను అడగకూడదు."

ఆయన నేరుగా వెళ్లి పాతికమందికి, ఎవరికీ చెప్పవద్దని మరీ మరీ చెప్పాడు. గంటలో స్కూలు గేటు ముందు బ్లీచింగ్ పౌడరు గీతలు పడ్డాయి. మూడేళ్లుగా గోతులమయంగా ఉన్న రోడ్డు మీదికి గ్రావెల్ ట్రాక్టర్లు వచ్చాయి, వాటి వెనకే రోలరూ వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ కరుణకుమారి గారు కంగారుపడి పైవాళ్లకు ఫోన్ చేస్తే, మాకేమీ తెలియదన్నారు వాళ్లు.

"వాళ్లకే తెలియదంటే వచ్చేది ఎంత పెద్దవాళ్లో చూడండి మన్మథరావు గారూ! పిల్లల్ని స్వాగత గీతం ప్రాక్టీసుకి పంపించెయ్యండి."

"మేడమ్, ఎవరూ రావడం లేదు. ఈ యంత్రం నా సొంతం!"

"మీరు అలాగే చెబుతూ ఉండండి. అదే మంచిది," అన్నారావిడ మెచ్చుకోలుగా.

అప్పటికి పిల్లలు మేకులు, తాళం, గరిటె తవ్వి తీశారు. గరిటె పట్టుకుని నూకరత్నం గ్రౌండంతా పరుగెత్తింది. ఇక భరిణె వంతు. అంతలో అప్పలరాజు మనుషులు సరుగుడు కర్రలతో వచ్చి గ్రౌండు నడిమి భాగం చుట్టూ తాడు కట్టేశారు. లోపల సున్నంతో గుండ్రంగా గీత గీసి, మధ్యలో హెలిపాడ్ గుర్తుగా పెద్ద హెచ్ అక్షరం వేశారు. దాని అడ్డగీత సరిగ్గా భరిణె మీద పడింది.  మాస్టారు పార పట్టుకుని తాడు దాటబోతే, కబురు విని బందోబస్తుకు వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లు రెక్కలు పట్టుకుని వెనక్కి తెచ్చారు.

"మాకు కాగితం రాలేదే," అన్నాడు వాళ్లతో వచ్చిన ఎస్సై అనుమానంగా.

"రాదండీ," అన్నాడు అప్పలరాజు. "కాగితం వొస్తే సీక్రెట్ ఎలాగవుద్ది?"

ఎస్సైకి ఈ మాట సబబుగానే తోచింది. వెంటనే విశాఖపట్నం ఫోన్ చేసి బాంబు స్క్వాడ్‌ను రప్పించాడు. వాళ్లు తీరిగ్గా మూలమూలా వెతుక్కుంటూ మూడున్నరకు హెచ్ దగ్గరికి చేరారు. అడ్డగీత మీద వాళ్ల యంత్రం కుయ్యిమంది. స్వాగత గీతం రెండో చరణంలో ఆగిపోయింది. జనం గేటు దాకా పరుగెత్తి, అక్కణ్నుంచి తొంగి చూశారు.

మాస్టారు ఇక ఆగలేకపోయారు. "ఎస్సై గారూ, అందులో ఉన్నది కుంకుమండీ!"

"మీకెలా తెలుసు?"

"నేనే పాతాను."

కానిస్టేబుళ్లిద్దరూ ఆయనకు మరింత దగ్గరగా జరిగారు.

ఇంటికి దారి అదే కావడంతో పుష్పవతి ఎక్కిన షేర్ ఆటో ఆ గుంపులో ఆగింది. స్క్వాడ్ పెద్దాయన బోర్లా పడుకుని, పొడవాటి పట్టకారుతో వస్తువును పైకి తీసి, ఇసక బస్తాల మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టి మూత లాగాడు. ఆ ఊపుకి కుంకుమంతా ఎగిరి ఆయన ముక్కు నిండా, మీసాల నిండా పడింది.

"ఓలమ్మో, అది మా అమ్మమ్మ బరిణండీ!" అని ఆటోలోంచే కేక పెట్టింది పుష్పవతి.

నూకరత్నం తాడు కింద నుంచి దూరి వెళ్లి, రూలు ప్రకారం భరిణెను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. మళ్లీ వెళ్లి, రూలు ప్రకారం గొయ్యి పూడ్చింది. పుష్పవతి మొగుడి వైపు చూసింది. మాస్టారు హెలికాప్టర్ కోసమన్నట్టు ఆకాశంలోకి చూశారు.

"వీఐపీ వస్తున్నారని నీకెవరు చెప్పారయ్యా?" అని ఎస్సై అప్పలరాజును నిలదీశాడు.

అప్పలరాజు తొణకలేదు. "ఇది ట్రయలండీ. అసల్ది మరోపాలి."

ఆ మాటకు అందరి మనసులూ తేలికపడ్డాయి, ఎస్సైది మరీను. ఎవరి దారిన వాళ్లు పోయారు.

 ఇల్లు చేరగానే పుష్పవతి భరిణెను కడిగి, గూట్లో పెట్టి, వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏ శిక్షకైనా సరేనని మాస్టారు తల వంచుకున్నారు.

"ఈరోజు బడి కాడ ఆటో ఒక్క కుదుపు కుదపలేదండీ," అందావిడ ఆలోచనగా. "మన ఈదిలోకొచ్చేసరికి నడుం ఇరిగిపోనాది."

"పుష్పా, బుద్ధి తక్కువై..."

"అది తరవాత సూసుకుందాం. రేపు పొద్దుటే ఆ కర్ర, ఆ నల్లద్దాలు, ఆ సెవుల డిప్పలు పెట్టుకుని మన ఈది ఈ సివర నుంచి ఆ సివరకి నడవండి."

"ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధమెందుకు? నిజమే సెప్పండి."

ఆదివారం ఎనిమిదింటికి మాస్టారు వీధిలోకి దిగి, అడిగినవాళ్లందరికీ ఎవరూ రావడం లేదనే చెప్పారు. తొమ్మిదిన్నరకు గ్రావెల్ ట్రాక్టరు వచ్చింది.