ముందుమాట ప్రకారం లేని మనిషి

గంటి విశ్వపతి గారు తన పుస్తకాల కోసం ఊహించి పెట్టుకున్న ఎనిమిది వందల ఏళ్ల గురువు నిరాలంబనాథుడు మొన్న మంగళవారం పొద్దున తణుకు స్టేషన్లో పాసింజరు బండి దిగి, ఆటో మాట్లాడుకుని ఆయన ఇంటికి వచ్చేశాడు. బండి కాస్త ఆలస్యమైందట. ప్రయాణంలో అంతకు మించి విశేషమేమీ లేదు.

విశ్వపతి గారు గుహ్య విద్యల మీద ముప్పై ఏళ్లుగా రాస్తున్నారు. షట్చక్రాలు, పరకాయ ప్రవేశం, శ్మశాన సాధన, అన్నీ ఆయన పుస్తకాల్లో దొరుకుతాయి. ఆయన మటుకు ఊరు దాటింది తక్కువ. శ్మశానానికి కూడా నలుగురితో కలిసి వెళ్లి, అందరికంటే ముందు వచ్చేసే రకం. తన పేరు మీద చెబితే ఎవరూ నమ్మరని మొదటి పుస్తకంలోనే ఒక గురువును పుట్టించారు. పాఠకులకు గురువు తెగ నచ్చాడు.

విశ్వపతి గారి భార్య సుభద్రమ్మ కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, చాప వేసింది. గురువు పొద్దున ఎడమ కాలితో కుంటాడు, సాయంత్రం కుడి కాలితో. రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా రాసిన పొరపాటు విశ్వపతి గారిదే.

ఊహించిన మనిషి ఇంటికొచ్చి ఉంటే వార్డు ఆఫీసులో పేరు నమోదు చేయించాలి. మర్నాడు ముగ్గురూ వెళ్లారు. అక్కడి ఉద్యోగిని నాగవేణి గురువు తాలూకు ఆధారాలు అడిగింది. లైబ్రరీలో పుస్తకాలున్నాయి, కలలో కనిపించాడని పాఠకులు రాసిన ఉత్తరాలున్నాయి. చాలంది.

"ఇప్పుడు మీవి ఇవ్వండి మాస్టారూ."

"నావెందుకమ్మా? ఇంటి యజమానిని నేనే కదా."

నాగవేణి ఒక పుస్తకం తెరిచి ముందుమాట చదివింది. 'నేనన్నవాడు లేడు. ఉన్నది గురుదేవులే. ఇందులో ఒక్క అక్షరమూ నాది కాదు.' మిగతా పుస్తకాలూ తిరగేసింది. అన్నిట్లోనూ అదే.

"కింద సంతకం మీదేనాండి?"

"నాదే. అది మర్యాద కోసం రాసేదమ్మా. మా రాసేవాళ్లందరూ అలాగే రాస్తారు."

"అవునండి. అందరి పేర్లూ అలాగే తీసేశాం."

విశ్వపతి గారికి భయం వేసింది. తను ఉన్నాడని తనకు తెలుసు, కానీ అదెలా చెప్పాలో అంతుపట్టలేదు. గురువు వైపు తిరిగారు. "మిమ్మల్ని నేనే రాశానని మీరైనా చెప్పండి."

"నేను అబద్ధమాడనని రాసి ఉంది నాయనా," అన్నాడు గురువు, ఆయనా అయోమయంగానే. "నాకు ఎనిమిది వందల ఏళ్లూ గుర్తున్నాయి. వాటిల్లో నువ్వు లేవు."

చివరికి నాగవేణి సుభద్రమ్మను అడిగింది. "మీరు చెప్పండమ్మా. మీ ఆయన ఎలాంటి మనిషి?"

సుభద్రమ్మ చెప్పడం మొదలుపెట్టింది. "అన్నం తినేటప్పుడూ ఈ స్వామివారి మాటేనండి. నాకు జ్వరమొస్తే, స్వామివారు జ్వరాన్ని ఎలా జయించారో చెప్పారు. స్వామివారి గురించైతే ఎంతైనా చెబుతాను. ఈయన గురించంటే..." అని ఆగిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

పేరు తీసేశారు. పేరు లేనివారికి 'గారు' వర్తించదు కాబట్టి ఇక్కడా తీసేస్తున్నాం. ఇల్లు నిరాలంబనాథుల వారి పేరు మీదికి మారింది.

"మరి నేనెక్కడుండాలి?" అన్నాడు విశ్వపతి.

"కంగారు పడకండి. ఎవరైనా మీ గురించి రాస్తే మళ్లీ నమోదు చేసుకుంటాం. చాలామంది అలాగే ఉంటున్నారండి," అంది నాగవేణి, తర్వాతి వారిని పిలుస్తూ.

ఇంటికొచ్చాక గురువు గారు విశ్వపతి కుర్చీలో కూర్చుని కలం తీశారు. కొత్త పుస్తకంలో ఒక శిష్యుడికి చోటుందన్నారు.

"నీ గురించి ఏం రాయమంటావు నాయనా?"

విశ్వపతి ఆలోచించాడు. మూలాధారం నుంచి సహస్రారం దాకా అన్నీ గుర్తొచ్చాయి. తన గురించి మాత్రం ఒక్క ముక్కా తట్టలేదు.

"ఏది రాసినా పరవాలేదండి. ఇంట్లో ఉన్నట్టు రాయండి చాలు."

గురువు గారు దయగా ఒక వాక్యం రాశారు. వెంటనే వంటింట్లోంచి సుభద్రమ్మ ఇంకో కంచం తెచ్చి పెట్టింది. విశ్వపతి వచ్చి కూర్చున్నాడు. ఆమె అతని వైపు, ఇంటికి కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు, మర్యాదగా చూసింది.

"మీకేం కూరంటే ఇష్టమండీ?" అని అడిగింది.

ఇన్నేళ్లలో ఆ మాట ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. విశ్వపతికి చాలా సంతోషమేసింది. జవాబు కోసం గురువు గారి మొహంలోకి చూశాడు.