నదికి ఆపద మంజూరైన వైనం

నీళ్లు నల్లబడినంత మాత్రాన నదికి ఆపద వచ్చినట్టు కాదు. వచ్చిందని ఆపన్న నదుల గుర్తింపు మండలి ఒప్పుకున్న రోజునే వచ్చినట్టు. అంతవరకూ నది చట్టరీత్యా క్షేమం.

ఈ సూక్ష్మం పడవక్కకు తెలియదు. భర్త పోయాక ఆయన పడవ తానే నడుపుతూ, జనాన్ని ఏరు దాటిస్తూ ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. ఎగువన రంగుల ఫ్యాక్టరీ వెలిసి, మురుగంతా గొట్టంతో ఏట్లోకి వదిలాక జనం ముక్కు మూసుకుని పడవెక్కేవారు. ఇప్పుడు ఎక్కడమే మానేస్తున్నారు. ఏరు పోతే నోటి దగ్గర కూడు పోతుందని ఆమె భయం. అందుకే ఒక సీసాలో ఆ నల్లటి నీళ్లు నింపుకుని మండలి గడప తొక్కింది.

అధికారి మర్యాదస్థుడు. సీసా పుచ్చుకుని బీరువా మీద పెట్టించారు (నమూనాలకు వరుస ఉంటుంది; వరుస తప్పితే మిగతా నదులు నొచ్చుకుంటాయి). నెలలు గడిచాయి. మురికంతా అడుక్కి దిగింది. వంతు వచ్చాక పరీక్షకుడు, గాజు గిన్నెకు మరక అంటకూడదన్న నియమం ప్రకారం, సీసా కదలకుండా పైతేట మాత్రమే వంచుకున్నాడు.

"మీ నది నిక్షేపంలా ఉందమ్మా," అన్నారు అధికారి.

"అడుగున చూడండి సారూ, తారులా ఉంది!"

"అడుగు మా పరిధిలోకి రాదమ్మా. అయినా దిగులెందుకు, ప్రజల ఓటు ఉందిగా? అందులో మొదట నిలిచిన నదికి పరీక్ష లేకుండానే ఆపద మంజూరు చేస్తాం."

పోటీలో మరో నదికి జలపాతం ఉంది, ఫొటోలో చక్కగా పడుతుంది. పడవక్క నదికి ఉన్నది కంపు. అది ఫొటోలో పడదు. అయినా ఆమె పట్టు విడవలేదు. పడవెక్కిన కొద్దిమందినీ ఏటి మధ్యలో ఆపి, మండలి యాప్‌లో ఓటు నొక్కాకే తెడ్డు వేసేది (మండలి నివేదికలో దీని పేరు 'స్వచ్ఛంద ప్రజాస్పందన'). మరిదిని ఊళ్లమీదకు తరిమింది.

"నా పెళ్లిచూపులకి కూడా ఇన్ని గడపలెక్కలేదు వదినా," అని గొణుగుతూనే తిరిగాడతను.

నది గెలిచింది. పడవక్క ఒడ్డున కూలబడి సంతోషంతో భోరుమంది. మర్నాడే అధికారి స్వయంగా విచ్చేసి, ఆమె చేతిని ఆప్యాయంగా నొక్కి, సిబ్బంది చేత ఆమె పడవకు గొలుసు వేయించి తాళం బిగించారు. గుర్తింపు పొందిన నదిలో ఇకపై మనుషులు దిగరాదు, పడవలు తిరగరాదు. నదులకు ఆపద మనుషుల వల్లేనని మండలి ఎప్పుడో తేల్చింది.

"నేనా సారూ దీన్ని పాడుచేసింది?" పడవక్క గొలుసు పట్టుకుని గుంజింది. "మరి ఆ ఫ్యాక్టరీ సంగతేంటి?"

అధికారి నియమావళి ఆసాంతం తిరగేసి, ఎంతో ఓపిగ్గా చెప్పారు:

"వాళ్లెవరూ నదిలో దిగడం లేదు కదమ్మా. దిగింది గొట్టం."